యాదమ్మ వాకిట్లో రెండు దొప్పలు

మా మేనల్లుడు సుశాంత్‌కు లాటరీలో వైన్స్ షాపు తగిలింది. ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీదనే. షాపు తెరిచే రోజు కొబ్బరికాయ కొట్టడానికి నన్ను పిలిచాడు. బోర్డు మీది అక్షరాలను ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివి లోపలికి వెళ్ళాను. గోడ పొడవునా సీసాలు, వాటి వెనుక అద్దాలు, అద్దాల్లో మళ్ళీ సీసాలు. ఒక పోలీసాయన కూడా వచ్చి, లడ్డూ తిని, సుశాంత్ భుజం తట్టి వెళ్ళాడు.

సుశాంత్ తండ్రి, అంటే మా అన్న పరశురాం, గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. ఆ పోలీసాయన పోయేదాకా తల ఎత్తలేదు. పాత అలవాటు.

"చూసినవా అండాలూ, ఒకప్పుడు గీళ్ళను చూస్తే చెర్వు ఈదుకుంట పోయేటోన్ని. ఇప్పుడు నా కొడుకు లడ్డు పెడుతుండు" అన్నాడు.

"కాలం మారిందన్నా."

"మారింది గాని, ఆనాడు ఎవని సార మంచిగుండెనో ఇప్పటికన్న చెప్పవే. నాదా, మీ బావదా?"

"ఛాయ్ సల్లారుతది, తాగు" అన్నాను.

ముప్ఫై ఏళ్ళు కావస్తోంది. కనిపించినప్పుడల్లా ఆయన అదే అడుగుతాడు, నేను అదే జవాబు చెబుతాను. మా ఆయన ఎల్లేశ్ పోయి తొమ్మిదేళ్ళు. ఆయన అన్న, మా బావ మల్లేశయ్య, అంతకుముందే పోయాడు. ఇద్దరినీ తీసుకుపోయింది సారే. అది నాకు తెలుసు. అయినా ఆ రెండేళ్ళు తలచుకుంటే ఏడుపు కన్నా ముందు నవ్వొస్తుంది. ఎందుకొస్తుందో ఇప్పుడు చెబుతాను.

సర్కారు మందు బందు పెట్టిన కాలం అది. మందు బందు కావాలని కొట్లాడింది ఆడవాళ్ళమే. నేనూ చీపురు పట్టుకుని సారా దుకాణం ముందు కూర్చున్నాను. దుకాణాలకు తాళాలు పడ్డాయి. పసుపు కుంకుమలు పంచుకున్నాం. నెల తిరగకముందే మా ఇంటి వెనుక నుంచి నల్లబెల్లం వాసన మొదలైంది. చూస్తే మా బావ నాలుగు కుండలు భూమిలో పాతిపెట్టి, బెల్లం ఊట పోసి, పైన జొన్నచొప్ప కప్పి ఉన్నాడు.

"ఇదేంది బావా?" అని అడిగాను.

"మీరు బందు వెట్టిచ్చిండ్రు గద, మాకు గిరాకి పెరిగింది. మీ పుణ్యమే" అని దండం పెట్టాడు.

అటు కొంగర కలాన్‌లో, మా పుట్టింట్లో, మా అన్న కూడా అదే పని మొదలుపెట్టాడు. ఇద్దరికీ కాయడం నేర్పింది ఒకే మనిషి. ఆమె పేరు యాదమ్మ. ఇబ్రహీంపట్నం చెరువు కట్ట కింద ఒక్కతే ఉండేది. పటిక ఎంత వేయాలి, తుమ్మచెక్క ఎన్ని రోజులు నాననివ్వాలి, పొయ్యి ఎప్పుడు తగ్గించాలి, అన్నీ ఆమె చేతిలోని విద్యే. ఈ ఇద్దరూ ఆమె వాకిట్లో కూర్చుని నేర్చుకున్నారు. పొయ్యి వెలిగించేటప్పుడు ఆమె పేరు తలచుకోకుండా అగ్గిపుల్ల గీసేవాళ్ళు కాదు.

మొదట్లో వియ్యపువాళ్ళ మధ్య ఉండే మర్యాద ఉండేది. బావా అంటే బావా అనుకున్నారు. దార్లు పంచుకున్నారు. సాగర్ రోడ్డు మీద మీర్‌పేట్ దాకా మా బావది. తుక్కుగూడ దిక్కు పోయే దారి మా అన్నది. ఒక్కొక్కరి కింద పదిహేను ఇరవై మంది మగవాళ్ళు, సైకిళ్ళు, కాపలా కాసేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళను 'ట్యూబులోళ్ళు' అనేవారు. ఎందుకంటే సారను లారీ ట్యూబుల్లో నింపి, మూతి బిగించి, నడుముకు చుట్టుకుని, పైన చొక్కా వేసుకుని పోయేవారు. ఎండుకట్టెలాంటి మనుషులు కూడా సైకిలెక్కేసరికి బొజ్జలు వచ్చి షావుకార్లలా కనిపించేవారు.

ఎల్లేశ్ కూడా ట్యూబు కట్టేవాడు. మీర్‌పేట్‌లో కొత్తగా లేస్తున్న కాలనీల్లో ఆంధ్ర నుంచి వచ్చిన వెంకటసుబ్బారావు అని ఒక పెద్దమనిషి ఉండేవాడట. సార తీసుకునేటప్పుడు కూడా మర్యాద తప్పేవాడు కాదట. ఎల్లేశ్ ఇంటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని ఆయనలా మాట్లాడి చూపేవాడు. "ఏమండీ ఎల్లేశ్ గారూ, ఇది తాగితే మా ఆవిడకు వాసన తెలుస్తుందంటారా?" నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. 'గారూ' అని ఆయన్ని పిలిచినవాడు లోకంలో ఆ ఒక్కడే.

కట్ట మీద బట్టలు ఉతికే ఆడవాళ్ళు కూడా మా వైపే. ఎక్సైజు జీపు కనబడితే ఎర్రచీర ఆరేసేవారు. ఎర్రచీర ఎగిరిందంటే కుండల మీద మట్టి కప్పడమే. ఒకసారి హడావిడిలో ఊట పారబోస్తే మా బావ బర్రె తాగి, కట్ట మీద అడ్డంగా పడుకుంది. జీపు ముందుకు పోలేదు. ఎక్సైజు జవాన్లే దిగి దాని తోక పట్టి లాగారు. మా బావ పక్కన నిలబడి, "పాపం, జరం వచ్చినట్టుంది సార్" అన్నాడట. దాని నోటి వాసనకు జవానుకే కళ్ళు తిరిగాయి.

అట్లా నవ్వుకుంటూ పోయిన రోజులు ఏడాది కూడా లేవు. మీర్‌పేట్‌లో గిరాకీ పెరిగింది. మా అన్న మనుషులు సాగర్ రోడ్డు మీదికి వచ్చారు. మా బావ మనుషులు వాళ్ళ ట్యూబులు కోసేశారు. మా అన్నవాళ్ళు వాళ్ళ కళ్ళల్లో కారం కొట్టారు. మా బావవాళ్ళు పోయి కొంగరలో పాతిన పన్నెండు కుండలూ గడ్డపారతో పగలగొట్టారు. ఒకరోజు ఎల్లేశ్ ఎదురుపడితే, చెల్లెలి మొగుడని కూడా చూడకుండా, మా అన్న మనుషులు కొట్టి భుజం దింపారు. సైకిలు బావిలో వేశారు. ఎవరి మాట వాళ్ళకు నిజమే. మా బావ దొంగ అంటాడు మా అన్న, మా అన్న దొంగ అంటాడు మా బావ. నా ఇంట్లో నేను ఎవరి గురించీ నోరు విప్పలేని దాన్నయ్యాను.

సైకిలు బావిలో పడిన మూడోరోజు మా అన్న వచ్చాడు. ఇంట్లోకి అడుగుపెట్టలేదు. వాకిట్లో నిలబడి, "అండాలూ, బట్టలు సర్దుకో" అన్నాడు. "నీ మొగడు ఆ మల్లేశిగాన్ని ఇడిసి నా దిక్కు వస్తే పంపుత. లేకుంటే నువ్వు ఈ గడప తొక్కేది లేదు."

ఎల్లేశ్ భుజానికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. లేవబోయి లేవలేకపోయాడు. నేను పోయాను. పోనని అంటే అక్కడే కత్తులు లేచేవి.

నాలుగు నెలలు పుట్టింట్లో ఉన్నాను. ఎల్లేశ్ అన్నను విడిచి రాలేడు, నాకు తెలుసు. తల్లిదండ్రులు పోయాక మల్లేశయ్యే ఆయన్ని ఎత్తుకుని పెంచాడు. మా అన్న దిగిరాడు, అదీ తెలుసు. అయితే వారానికి ఒకసారి, పట్టపగలు, మా ఇంటి వెనుక బాటలో సైకిలు బెల్లు మూడుసార్లు మోగేది. బావిలోంచి తీసిన సైకిలు, తుప్పు పట్టిన బెల్లు, గొంతు పోయినట్టు మోగేది. మా అన్న మనుషులు చూస్తే ఇంకో భుజం కూడా దిగుతుంది. అయినా వచ్చేవాడు. నేను గోడ ఇవతల పేడ పిడకలు కొడుతూ, మూడు పిడకలు గట్టిగా కొట్టేదాన్ని. అంతే మా మాటలు.

నాలుగో నెలలో బెల్లు మోగలేదు. గాజులమ్ముకునే ఆమె వచ్చి చెప్పింది, "మీ బావ కోహెడల పిల్లను చూసిండంటనే, ఎల్లేశ్‌కు. పెండ్లయి మూడేండ్లాయె, నీకు కడుపు పండలె, ఇంటికి రాకపోతివి, ఎన్ని దినాలు సూస్తడు? బోనాలైనంక పెట్టుకుంటరట."

ఆ రోజు నా చేతికి గాజులు ఎక్కలేదు. ఎక్కించబోతే మూడు పగిలాయి.

ఎల్లేశ్ ఊరికే కూర్చోలేదని తర్వాత తెలిసింది. పోయి యాదమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. "పెద్దవ్వా, నువ్వు పిలిస్తె ఇద్దరొస్తరు. ఇంకెవ్వరు పిలిచినా రారు" అన్నాడట. యాదమ్మ కబురు పంపింది. ఆదివారం, అన్నం తిన్నాక, కట్ట కింద ఆమె వాకిట్లో పంచాయితీ. నన్నూ తీసుకురమ్మంది.

మా దగ్గర పంచాయితీ ఎట్లా తెగుతుందో చెప్పాలి. ఎంత వాదించినా, ఎంతమంది పెద్దమనుషులు చెప్పినా, మాటతో తెగదు. ముందు భూమికి సాక పోయాలి, అంటే నాలుగు చుక్కలు నేల మీద పోసి దేవతకు ఇవ్వాలి. తర్వాత కొట్లాడుకున్న ఇద్దరూ ఒకే గిన్నెలోది తాగాలి. తాగితే పగ పోయినట్టే. ఆ తర్వాత చెయ్యి ఎత్తినవాడు కులంలో ఉండడు, వాని ఇంట్లో పెళ్ళికీ చావుకీ ఎవరూ పోరు. సాక పోయకుండా తాగితే మాత్రం అది ఉత్త తాగుడే.

ఆదివారం అందరూ వచ్చారు. ఇటు పాతికమంది, అటు పాతికమంది. మధ్యలో యాదమ్మ నులకమంచం. ఎల్లేశ్ వాళ్ళ అన్న వెనుక నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి చూడనట్టు, చేతిలో సైకిలు తాళంచెవి తిప్పుతూ ఉన్నాడు.

మాటలు రెండు గంటలు సాగాయి. హద్దులు పాతవే ఉండాలని, కుండలకు కుండలు ఇవ్వాలని, అండాలును పంపాలని తేలింది. ఇద్దరూ ఇష్టం లేకపోయినా తలలూపారు. ఇక తాగడమే మిగిలింది. కల్లు తెమ్మని యాదమ్మ మనిషిని పంపింది. వాడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"గౌడు ఇయ్యనన్నడు పెద్దవ్వా. 'నా గిరాకంత గుడుంబతోని మింగిండ్రు, ఇప్పుడు నా కల్లుతోని సుట్టరికం కలుపుకుంటరా? పోయి మీ ట్యూబులే నాకుండ్రి' అన్నడు."

కొందరు నవ్వారు. యాదమ్మ నవ్వలేదు. "సరే, సారతోనే కానియ్యుండ్రి" అంది.

అక్కడ మొదలైంది.

"నా సార తెప్పిస్త" అన్నాడు మా అన్న.

"నీ సార నేను తాగాల్నా? యూరియా గలుపుతవ్. మూతి కాలుతది" అన్నాడు మా బావ.

"నీ సార మంచిదానే? మీ బర్రె తాగి నాలుగు దినాలు లేవలె!"

"బర్రెకు తెలిసింది గూడ నీకు తెల్వదు. అది ఇంకింత కావాలన్నది!"

"ఏందిరా కూసేది?"

"ఏందిరా అంటవా? రా!"

అందరూ లేచారు. కట్టెలు లేచాయి. నాలుగు నెలల ఎదురుచూపు కళ్ళ ముందే పోతోంది. ఎల్లేశ్ ఒక్కసారి నా వైపు చూశాడు. కోహెడ పిల్ల ఎట్లా ఉంటుందో నాకు తెలియదు గాని, ఆ క్షణంలో ఆమె మా ఇంటి పొయ్యి ముందు కూర్చుని ఉన్నట్టు కనిపించింది.

"కూసోండ్రి!" అని యాదమ్మ అరిచింది. ముసలి గొంతే, కానీ ఇద్దరికీ విద్య నేర్పిన గొంతు. కూర్చున్నారు. "ఇద్దరు ఎవని సార వాడు తెప్పియ్యుండ్రి. కండ్లకు దస్తీలు కడ్త. రెండు దొప్పలు ఇస్త. ఎవడు తన సారను గుర్తువడ్తడో ఆని సారతోనే పంచాయితీ తెగుతది. ఇద్దరు గుర్తువడ్తె మళ్ళ జూద్దాం. నేను నేర్పిన విద్య ఎవనికి వచ్చిందో సూస్త."

"అమ్మ పాలు గుర్తువట్టనా?" అన్నాడు మా అన్న.

"నిద్రల లేపినా చెప్త" అన్నాడు మా బావ.

పోసేది ఎవరన్న మాట వచ్చింది. ఇటువాళ్ళు పోస్తే అటువాళ్ళు నమ్మరు. యాదమ్మ నన్ను చూసింది. "అండాలు పోస్తది. అది ఇద్దరి ఇంటి మనిషి."

రెండు డబ్బాలు, రెండు మోదుగాకు దొప్పలు పట్టుకుని నేను గుడిసెలోకి పోయాను. లోపల చల్లగా, బెల్లం వాసనగా ఉంది. డబ్బాల మూతలు తీశాను. బయట మళ్ళీ తిట్లు మొదలయ్యాయి. నిలబడి ఆలోచించాను. మా అన్న గెలిస్తే మా బావ మూతి తుడుచుకుని లేచిపోతాడు. మా బావ గెలిస్తే మా అన్న నన్ను చెయ్యి పట్టి ఈడ్చుకుపోతాడు. ఎవరు గెలిచినా నా సంసారం ఓడిపోతుంది.

యాదమ్మ ఇత్తడి సర్వ గిన్నె పొయ్యి పక్కన బోర్లించి ఉంది. దాన్ని తీశాను. ఒక డబ్బాలోది కొంచెం పోశాను. రెండో డబ్బాలోది అంతే పోశాను. చేతి వేళ్ళతోనే కలిపాను. గాజులు సర్వకు తగిలి మోగుతాయేమోనని మరో చేత్తో పట్టుకున్నాను. గడప పక్కన, అలికిన నేల మీద, నాలుగు చుక్కలు వంచాను. "తల్లీ, నా ఇల్లు నాకియ్యి" అనుకున్నాను. తర్వాత సర్వలోంచి రెండు దొప్పలూ నింపాను.

గడప దాటగానే యాదమ్మ దొప్పలు అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకటి, తర్వాత రెండోది. నా ముఖం చూసింది. ఆమె ముక్కుకు తెలియని సార లేదు. ఆమె దొప్పలు జనం వైపు ఎత్తింది. "ఇది ఒకటో దొప్ప, ఇది రెండోది" అని పెద్దగా చెప్పి, దస్తీలు కట్టించింది.

ముందు మా అన్న. ఒకటో దొప్పలోది గుటక వేశాడు. ముఖం మాడ్చుకుని పక్కకు ఉమ్మాడు. "థూ! ఇది ఆ మల్లేశిగానిది. గొడ్డు గూడ ముట్టదు." రెండోది తాగాడు. మీసం తుడుచుకున్నాడు. "ఇది నాది. గొంతుల ఎట్ల జారుతున్నదో సూడుండ్రి. వెన్న."

తర్వాత మా బావ. ఒకటో దొప్ప నోట్లో పెట్టగానే దగ్గాడు. "యూరియా! నేను చెప్పలె? ఇది పరశురాంది." రెండోది తాగాడు. తల ఊపాడు. మళ్ళీ తాగాడు. "ఇది మాత్రం నాది. మా పెద్దవ్వ మీద ఒట్టు."

దస్తీలు విప్పారు. ఇద్దరూ రెండో దొప్పే పట్టుకున్నారు.

"నాది!"

"నాదిరా!"

జనం గొల్లున నవ్వారు. యాదమ్మ నా వైపు తిరిగింది. "చెప్పు బిడ్డా. రెండో దొప్పల ఎవనిది?"

నవ్వులు ఆగాయి. యాభై మంది నన్నే చూస్తున్నారు. అబద్ధం చెబుదామనుకున్నాను, ఏ పేరు చెప్పాలో తోచలేదు.

"ఇద్దరిది" అన్నాను. "ఒకటో దొప్పల గూడ ఇద్దరిదే. సర్వల కలిపి పోసిన."

మా అన్న దిగ్గున లేచి, చెయ్యెత్తి నా మీదికి వచ్చాడు. ఎల్లేశ్ అడ్డం దూకాడు. ఇద్దరికన్నా ముందు యాదమ్మ గొంతు లేచింది.

"చెయ్యి దించురా పరశురాం! ఒక్క సర్వలది నువ్వు తాగినవ్, వాడు తాగిండు. ఊరంత జూసింది. పంచాయితీ తెగింది. ఇప్పుడు చెయ్యెత్తితె నీ గడప ఎవ్వరు తొక్కరు."

మా అన్న చెయ్యి గాలిలోనే ఆగింది. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. దారి దొరికినవాడిలా అన్నాడు, "సాక పొయ్యలె! సాక లేకుంట తాగింది లెక్కల రాదు!"

"అవ్, సాక పొయ్యలె" అన్నాడు మా బావ. నాలుగు నెలల్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడింది అప్పుడే.

"పోసిన" అన్నాను. "గడప కాడ ఉన్నది. పోయి సూడుండ్రి."

ఇద్దరూ పోయి గుడిసెలోకి వంగారు. తలలు తగిలాయి. అలికిన నేల మీద నాలుగు చుక్కల తడి ఇంకా ఆరలేదు. మా అన్న వేలితో ముట్టుకుని వాసన చూశాడు. మా బావ కూడా చూశాడు.

"మీ చెల్లె మస్తు హుషారుదిరా" అన్నాడు మా బావ, లోపలి నుంచే.

"మీ ఇంట్ల మూడేండ్లున్నది గద బావా, గట్లనే అయితది" అన్నాడు మా అన్న.

బావా అన్నాడు. ఆ మాట విని యాదమ్మ మంచం మీద వెనక్కి వాలింది. మిగిలిన సారను అందరికీ పొయ్యమంది.

హద్దులు ఎన్నాళ్ళో నిలవలేదు. మరుసటేడు సర్కారే మందు మళ్ళీ తెరిచింది. దుకాణాలు వచ్చాయి, ట్యూబులకు పని పోయింది. యాదమ్మ గుడిసె ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో ప్రహరీ గోడ ఉంది. కానీ వాళ్ళిద్దరూ మళ్ళీ చెయ్యెత్తుకోలేదు. మా బావ పోయినప్పుడు పాడె ముందు కొమ్ము మోసింది మా అన్నే.

పంచాయితీ తెగిన ఆ సాయంత్రం ఎల్లేశ్ నన్ను సైకిలు వెనుక కూర్చోబెట్టుకున్నాడు. సంచి హ్యాండిలుకు తగిలించాడు. కట్ట మీద గాలి బాగా వీస్తోంది, చెరువు నిండా నీళ్ళు, ఉతికేవాళ్ళు బట్టలు తీసుకుంటున్నారు. కొంతదూరం పోయాక అడిగాడు.

"నిజం చెప్పు. ఎవని సార మంచిగుండె?"

"కలిపిన వేలు నాకిన. రెండు ఒక్కటే కంపు" అన్నాను. "మా అన్నకు చెప్పకు, పానం ఇడుస్తడు."

ఆయన నవ్వినప్పుడు సైకిలు ఊగింది. నేను నడుం పట్టుకున్నాను. ట్యూబు లేని నడుం, ఎంత సన్నగా ఉందో అప్పుడు తెలిసింది. ఆయన బెల్లు మూడుసార్లు కొట్టాడు. ముందు మనిషి లేడు, గొడ్డు లేదు.

"ఇంకెందుకు కొడ్తున్నవయ్యా? నేను ఈడనే ఉన్న గద" అన్నాను.

"అలవాటైంది" అన్నాడు.

పిడకలు లేవు గదా, ఆయన వీపు మీదే మూడుసార్లు తట్టాను.